పట్టా కింది పాలసొర

భీమిలి వెళ్ళొచ్చానని తెలిసిన వాళ్ళంతా సముద్రం ఎలా ఉందని అడుగుతున్నారు. సముద్రం గురించి చెప్పే ముందు అక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. ఇసుకలో ఎండుతున్న పరాయి మనిషి చేపలను, వానొస్తుందనుకుని, ఎవరినీ అడగకుండా కుప్ప వేసి టార్పాలిన్ పట్టా కప్పాను. వాన రాలేదు. నేను వాటిని మరిచిపోయాను. ఒక బాలింత కోసం ఆమె తల్లి ఎండబెట్టుకున్న చేపలవి. సాయంత్రానికి పాడైపోయాయి.

ఊరికి తిరిగొచ్చాక మొదట్లో నేను ఈ మాట ఎత్తలేదు. లైట్‌హౌసు గురించీ, డచ్చివాళ్ళ సమాధుల గురించీ, ఎర్రమట్టి దిబ్బల గురించీ అందరికీ చెప్పాను. మా ఆవిడ గంగమ్మ అంతా విని, "అది సరే, ఎర్రిస్వామి వచ్చేసినంక నువ్వొక్కనివి ఆడ ఏం చేస్తాంటివి? అది చెప్పు" అంది. చెప్పాను. ఆమెకు చెప్పాక ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు.

కాలువ దగ్గర పాఠం

మాది బళ్ళారి పక్కన కప్పగల్లు. నేనూ, నాతో భీమిలి వచ్చిన ఎర్రిస్వామీ చిన్నప్పుడు బళ్ళారిలో తెలుగు మీడియంలో చదువుకున్నాం. ఇళ్ళలో తెలుగు, వీధిలో కన్నడం, బజారుకెళితే ఉర్దూ. మా తెలుగు మేష్టరుది మాత్రం మేమెవరమూ చూడని తీరం, భీమిలి దగ్గర పల్లె. ఆయన మాట మెత్తగా సాగుతూ ఉండేది. మొదట్లో వెనక బెంచీల్లో నవ్వేవాళ్ళం. తర్వాత ఆయన సెలవు పెడితే మాకే తోచేది కాదు.

పాఠం చెబుతూ చెబుతూ ఆయన భీమిలికి వెళ్ళిపోయేవాడు. వేసవిలో ఆ ఒడ్డుకు ఎక్కడెక్కడి నుంచో కవులు వచ్చేవారట. గాలి మార్పుకని వచ్చిన కథకులు ఒడ్డునున్న బంగళాల్లో దిగి, నెలల తరబడి రాసుకునేవారట. వెన్నెల రోజుల్లో అందరూ ఇసుకలో కూర్చుంటే ఒకాయన పద్యం ఎత్తుకునేవాడట. అల వచ్చి పడేటప్పుడు గొంతు పెంచాలి, వెనక్కి పోయేటప్పుడు దించాలి. అలా చదవగలిగినవాడికే అక్కడ గౌరవం అనేవాడు.

"సముద్రం ఎట్లుంటాది సార్?" అని ఎర్రిస్వామి అడిగాడొకసారి.

"కాలువ తెలుసు కదురా నీకు. అవతలి గట్టు లేదనుకో" అన్నాడాయన.

మాకు తెలిసిన పెద్ద నీళ్ళు తుంగభద్ర కాలువే. ఒక చోట నీళ్ళు మెట్టు దిగి హోరుమంటూ కింద పడతాయి. ఆదివారం పూట మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళి, ఆ హోరు పక్కన నిలబెట్టి పద్యాలు చదివించేవాడు. "వినపడట్లేదు, ఇంకా పైకి" అని గట్టు మీద నుంచి చెయ్యి ఊపేవాడు. మా గొంతులు బొంగురుపోయేవి. ఇంటికెళితే మా అమ్మ, "ఏం మేష్ట్రప్పా ఈయన, పిల్లోల్ల గొంతులు కోస్తాండాడు" అని తిట్టేది.

ఆయన పోయి చాలా కాలమైంది. మేము చదివిన తెలుగు సెక్షన్ కూడా ఇప్పుడు లేదు. ఈ ఏడు ఉగాది అయ్యాక, మిరపకాయలు కోల్డ్ స్టోరేజీకి పంపేసి చేతులు ఖాళీ అయిన రోజున, ఎర్రిస్వామి మా అరుగు మీద కూర్చుని అన్నాడు: "తిమ్మప్పా, మోకాళ్ళు నడిచేటప్పుడే భీమిలి చూసొస్తామా? మళ్ళ ఎవరన్నా ఎత్తుకపోవాల."

రొట్టె మూట

గుంతకల్లులో రైలెక్కాం. గంగమ్మ పెళపెళలాడే కడక్ జొన్నరొట్టెలు, శనగకాయల పొడి, ఎండుమిరప కారం మూట కట్టి ఇచ్చింది. నంద్యాల దాటాక మూట విప్పబోతే కారం పొట్లం చిట్లి, పక్క సీటాయన తెల్ల ప్యాంటు మీద పడింది. అదృష్టం కొద్దీ ఆయన మా వైపు మనిషే. వాళ్ళ తాతలు గోదావరి దగ్గర నుంచి వచ్చి కంప్లి పక్కన వలస రైతుల క్యాంపులో వరి వేసుకుని స్థిరపడ్డారట. ఇప్పుడు పెళ్ళికని భీమవరం వెళ్తున్నాడు. ప్యాంటు దులుపుకుంటూ నవ్వి, "అక్కడికెళితే మమ్మల్ని బళ్ళారోళ్ళొచ్చారంటారండీ. ఇక్కడేమో ఆంధ్రావోళ్ళంటారు. ఈ కారం మరక చూస్తే ఈసారి వాళ్ళ మాటే నిజమవుద్ది" అన్నాడు.

నల్లమల సొరంగాలు వచ్చినప్పుడల్లా ఎర్రిస్వామి చిన్నపిల్లాడిలా కిటికీకి అతుక్కున్నాడు. గుంటూరు దగ్గర మిరప కల్లాలు కనిపించాయి. ఎర్రగా, కంటికి అందినంత మేర. "మనయి రంగు, వీళ్ళయి కారం" అని ఇద్దరం ఒకేసారి అనుకుని నవ్వుకున్నాం.

రాసినవాళ్ళు, ఉన్నవాళ్ళు

విశాఖపట్నం నుంచి భీమిలికి బస్సు సముద్రం పక్కనే వెళ్తుంది. మాకు అది మొదటిసారి. మేష్టరు చెప్పింది నిజమే, అవతలి గట్టు లేదు. అయితే ఆయన రంగు గురించి చెప్పలేదు. చూస్తుండగానే ఆకుపచ్చ, అంతలో బూడిద, దూరాన ఇనుము.

దారిలో ఎర్రమట్టి దిబ్బలు కనబడగానే ఎర్రిస్వామి లేచి నిలబడ్డాడు. "ఇది మన సండూరు గనుల మన్ను కదప్పా! ఈడికెట్ల వచ్చె?" బస్సులో వాళ్ళు తిరిగి చూశారు. వెనక సీట్లో ఒక ముసలామె, "ఓలమ్మో, మగోడ్ని అట్టుకుని అప్పా అంతాడేటీయన" అని పక్కామెతో అంది. అక్కడ అప్ప అంటే అక్క అని తర్వాత తెలిసింది. అప్పటి నుంచి ఎర్రిస్వామి కావాలనే నన్ను ఇంకా గట్టిగా తిమ్మప్పా అని పిలవడం మొదలుపెట్టాడు.

భీమిలి చిన్న ఊరు. పెంకుల ఇళ్ళు, పాత బంగళాలు, గడియార స్తంభం, కొండ మీద నరసింహస్వామి. గోస్తనీ నది వచ్చి సముద్రంలో కలిసే చోట నీళ్ళు రెండు రంగులుగా ఉంటాయి. మధ్యాహ్నం భోజనంలో నెత్తళ్ళ వేపుడు పెట్టారు. వేలెడు చేపలు, ముళ్ళతో సహా నమిలేయడమే. మా వైపు బజ్జీ, బొరుగుల ఒగ్గాణి తిన్నంత తేలిగ్గా అక్కడ చేప తింటున్నారు. ఆ వేపుడుకు అడిగిన ధర బళ్ళారిలో రెండు ప్లేట్ల ఒగ్గాణికి కూడా రాదు.

ఒడ్డున టీ కొట్టతన్ని అడిగాను, కవులూ కథకులూ దిగే బంగళా ఏదని.

"ఎవులు? రాసేటోలా?" టీ ఎత్తి పోస్తూ ఆలోచించాడు. "సినిమావోలు ఒత్తారు. పెల్లికి ముందు ఫొటోలు తీయించుకునేటోలు ఒత్తారు. రాసినోలు రాసీసి ఎల్లిపోనారు బాబూ. మేం ఉండిపోనాం."

మాకు కొంచెం బాధ కలిగింది. అయినా ఆ సాయంత్రం ఇసుకలో కూర్చుని ఎర్రిస్వామి పద్యం ఎత్తుకున్నాడు. అల పడుతుంటే గొంతు పెంచాడు. మూడు పాదాలు బాగా నడిచాయి. నాలుగోది ఇద్దరికీ గుర్తు రాలేదు. అల వచ్చి మా చెప్పుల్లో ఒకటి తీసుకుపోయింది. అది నాదే.

పోలమ్మ

మర్నాడు పొద్దున కొత్త చెప్పులేసుకుని పడవలుండే వైపు వెళ్ళాం. వేట ముగించుకొచ్చిన పడవలు ఇసుక మీదికి లాగి ఉన్నాయి. ఒక నీడ చూసుకుని మిగిలిన రొట్టెలు తింటున్నాం. పక్కనే పాత వల పరిచి, దాని మీద ఒకామె చేపలు ఒక్కొక్కటి తిరగేస్తోంది. వీపు వెంట చీల్చి, పుస్తకం తెరిచినట్టు పరిచిన చేపలు. యాభై దాటిన మనిషి. పేరు పోలమ్మ.

"ఏటి బాబూ అప్పడాలు తింతన్నారా అన్నానికి?" అంది మా రొట్టెలు చూసి.

ఎర్రిస్వామి ఒక ముక్క, దాని మీద శనగకాయల పొడి పెట్టిచ్చాడు. నమిలింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఓలమ్మ, ఇది కారమా, నిప్పా!" అంటూనే ఇంకో ముక్కకు చెయ్యి చాపింది.

అలా మాటలు కలిశాయి. ఆ చేపలు పాలసొరలట. చిన్న సొరచేపలు. కూతురిది రెండో కాన్పు, అత్తగారింట్లోనే అయింది, గజపతినగరం దగ్గర. "గుంటడికి పాలు సాలడం నేదంట. రోజూ ఫోన్లో ఏడుత్తంది. బాలింతకి పాలసొర పెడితే పాలు పడతాయి. ఆడ సముద్రమేదీ? అందుకని మా ఆయన వలలో పడిన సొరలన్నీ అమ్మకుండా ఉప్పేసినాను. ఎల్లుండి అట్టుకెల్తాను."

మా వైపు బాలింతకు సబ్బసిగి ఆకు వండి రొట్టెతో పెడతారని చెప్పాను. "ఆకుకే పాలొత్తాయేటి?" అని ఆశ్చర్యపోయింది. "మీకు చేపకే వస్తాయా?" అన్నాడు ఎర్రిస్వామి. ముగ్గురం నవ్వాం.

తర్వాత గంప ఎత్తుకుంటూ అడిగింది. "బాబూ, మీరు ఇక్కడే కూకుంతారా? కాకులు రాకుండా కూసింత సూత్తారేటి? ఊల్లోకెల్లి సేపలమ్ముకుని ఒచ్చేత్తాను."

"నువ్వు పోయిరామ్మా, మేముండాము" అన్నాను. ఆ మాట అన్నది నేనే.

మబ్బు

పదకొండు దాటాక కొండ వైపు నుంచి నల్లటి మబ్బు లేచింది. గాలి తిరిగింది. ఇసుక ఎగిరి మొహాన కొట్టింది.

కల్లంలో మిరప ఆరబోసినవాడికి ఆ గాలి వాసన చాలు. నా ఇరవయ్యో ఏటి నుంచి ఫాల్గుణం వచ్చిందంటే నేను సగం కన్నుతో మబ్బు చూస్తూనే నిద్రపోతాను. ఒక్క చినుకు పడితే కాయ మచ్చలు దేలి రంగు పోతుంది. మబ్బు కనిపిస్తే ఇంటిల్లిపాదీ పరుగెత్తి, కాయలు కుప్పకు లాగి, పట్టాలు కప్పి, అంచులకు రాళ్ళు పెట్టేస్తాం. కుప్పలో ఉంటే కాయకు నష్టమేమీ లేదు. కోసిన కొత్తలో అలా కుప్ప పెట్టి కప్పుతాం కూడా, ఎర్రగా మాగుతుందని.

నా చేతులు అదే పని చేశాయి. "పట్టా యాడుందిరా!" అని అరిచాను. పక్క పడవ మీద నీలం పట్టా ఉంది. చేపలన్నీ వల మధ్యకు లాగి ఒకదాని మీద ఒకటి కుప్ప వేశాం. పట్టా కప్పి, చుట్టూ రాళ్ళు పెట్టి, గాలి దూరకుండా ఇసుక కూడా తోశాను.

"ఆయమ్మను అడగాల్సింది కదప్పా?" అన్నాడు ఎర్రిస్వామి.

"ఆమె వచ్చేసరికి తడిసిపోతాయి. సుమ్నే ఉండు, మాట్లాడొద్దు."

పక్కన వల బాగు చేసుకుంటున్న ఇద్దరున్నారు. వాళ్ళను అడిగినా సరిపోయేది. నాకు తట్టలేదు. నిజం చెప్పాలంటే, అడగడం అనేది నాకు ఎప్పుడూ ముందు తట్టదు.

నాలుగు చినుకులు పడ్డాయి. ఇసుక మీద గుంటలు కూడా పడలేదు. మబ్బు సముద్రం మీదికి తేలిపోయింది. ఎండ మళ్ళీ వచ్చింది, ఇంతకు ముందు కంటే పదునుగా.

అప్పుడే ఎర్రిస్వామి గట్టిగా, "తిమ్మప్పా, నాలుగో పాదం!" అన్నాడు. మొదటి మాట గుర్తొచ్చిందతనికి. రెండో మాట నాకు గుర్తొచ్చింది. ఇద్దరం దాన్ని పట్టుకుని లాగుతూ లేచి నడిచాం. చేపలు పట్టా కింద ఉన్నాయి కదా, కాకి ముక్కు దూరదు అనుకున్నాను. పాత లైట్‌హౌసు దగ్గర నిలబడి పద్యం మొత్తం చదివాం. ఈసారి తప్పు పోలేదు. డచ్చివాళ్ళ సమాధులకు వెళ్ళాం. నల్లరాతి పలకల మీద చెక్కిన అక్షరాలు మాకు రావు. ఎర్రిస్వామి వాటికీ పద్యం వినిపించాడు. మేష్టరు ఏ బంగళా ముందు నిలబడి ఎవరిని చూసేవాడోనని ప్రతి పాత గేటు దగ్గరా ఆగాం. ఒక మూసిన బంగళా వసారాలో కూర్చుని, ఆయన నడక ఎలా ఉండేదో, సుద్దముక్క ఎలా విసిరేవాడో చెప్పుకున్నాం. అన్నీ గుర్తొచ్చాయి. చేపలు తప్ప.

యూరియా వాసన

మేము తిరిగొచ్చేసరికి పోలమ్మ వల పక్కన కూర్చుని ఉంది. పట్టా తీసేసి ఉంది. ఇంకా పది అడుగుల దూరం ఉండగానే వాసన ముక్కుకు తగిలింది. పొలంలో యూరియా బస్తా విప్పినప్పుడు వచ్చే ఘాటు అది. చేపల మీద జిగురు తేలింది. ఈగలు ముసిరాయి.

"మీరు సూత్తన్నారు కదాని నాను తాపీగా తిరిగినాను" అంది మా వైపు చూడకుండా. ఒళ్ళో గుడ్డ సంచి ఉంది. కూతురి కోసం కొన్న శొంఠి, వెల్లుల్లి అందులోంచి కనిపిస్తున్నాయి.

"వానొస్తుందనుకున్నాను" అన్నాను.

"ఒత్తే ఒచ్చింది. తడిసినవాటికి మల్లీ ఉప్పేసుకుంతాం, మల్లీ ఎండుతాయి. లోపల పచ్చిగున్నవాట్ని ఎండలో కప్పెట్టి ఉక్కేత్తే ఇంకేటి మిగుల్తాది బాబూ?"

వల బాగు చేసే వాళ్ళలో ఒకడు అక్కడి నుంచే, "సేపలకి సలేసిందనుకున్నాడే పోలీ. దుప్పటి కప్పినాడు" అన్నాడు. నలుగురు నవ్వారు. పోలమ్మ నవ్వలేదు.

నేను జేబులో చెయ్యి పెట్టాను. అది రెండో తప్పు.

"తీయకు" అంది. "మా గుంటది నోట్లు వొండుకు తింతాదేటి?"

ఆ చెయ్యి జేబులోంచి ఎలా తీయాలో కూడా తెలియలేదు. ఆమె ఒక్కొక్క చేపనూ వేలితో నొక్కి చూసి పక్కకు వేస్తోంది. ఏదైనా పనికొస్తుందేమోనని. చివరి దాకా చూసింది. అన్నీ గంపకెత్తి అలల్లో పారబోసింది. అప్పుడే కూతురి ఫోనొచ్చింది. "వత్తన్నానే అమ్మా, వత్తన్నాను. సొరలా? అట్టుకొత్తన్నాను" అంది. ఫోను కొంగులో చుట్టుకుని నడిచిపోయింది.

రోడ్డు మీదికి వచ్చాక ఎర్రిస్వామి అన్నాడు. "పద్యమని పిలిచింది నేను. పాపం నాది గూడా ఉండాది."

"కప్పింది నేను. ఉంటానని చెప్పింది నేను. నువ్వు అడగమంటివి గూడా."

"అయితే ఏం జేస్తావిప్పుడు?"

"సొరలు దొరికేదాకా ఈడే ఉంటా."

మర్నాడు మాకు రైలుంది. అతని మనవరాలికి నామకరణం ఉంది. ఆగలేడు. "మిరపకాయ బుద్ధి నీది. సముద్రంకాడికి వచ్చినా కల్లమే అనుకుంటివి" అని తిట్టి, తన తువ్వాలు నాకిచ్చి వెళ్ళాడు.

రేవులో

తెల్లారగానే రేవుకు వెళ్ళి నిలబడ్డాను. పోలమ్మ చూసి మొహం తిప్పుకుంది. పడవలు వచ్చాయి. పాలసొర లేదు. ఏ చేప పడాలో వల చెప్పదు. ఆమె ప్రయాణం వాయిదా వేసుకుంది. ఫోన్లో కూతురితో ఏదో సాకు చెబుతుంటే వినబడింది. నా పేరు చెప్పలేదు.

ఆ రోజంతా అక్కడే తిరిగాను. మధ్యాహ్నం ఆమే పిలిచి, "నీకు ఊర్లో పనీపాటా నేదేటి?" అంది.

"మిరప అయిపోయిందమ్మా."

"అయితే సేపల మీద పడ్డావు."

నవ్వాలో వద్దో తెలియలేదు. కానీ గిన్నెలో ఇంత చోడి అంబలి పోసిచ్చింది. మా రాగి అంబలే. ఉల్లిపాయ, ఎండు నెత్తళ్ళు నంజుకోవాలి. తిన్నాను.

తర్వాతి పొద్దున ఒక తెప్ప మీద పాలసొరలు వచ్చాయి. రేవులో వేలంపాట మొదలైంది. బయటి నుంచి వచ్చిన వ్యాపారి ఒకడు అన్నింటికీ కలిపి పాడుతున్నాడు. నాకు నోరు దురద పెట్టింది. పోలమ్మ నా వైపు వేలు చూపించి, "నువ్వు నోరెత్తితే బల్లారి బాబు కొంతన్నాడని రేటు పెంచేత్తారు" అంది. నోరు మూసుకున్నాను. తెప్పవాణ్ణి పక్కకు పిలిచి ఏదో చెప్పింది. తెప్పవాళ్ళు నా వైపు చూసి నవ్వారు. బాలింత మాట చెప్పిందని తర్వాత తెలిసింది. పాటలోంచి ఆ గంప తీసేశారు. డబ్బు మటుకు నా చేత ఇప్పించింది. అప్పటికి కోపం కొంచెం తగ్గిందనుకుంటాను.

ఆమె చీల్చింది, నేను సముద్రం నీళ్ళు మోసి కడిగాను. ఉప్పు పట్టించి రాత్రంతా కుండలో ఉంచి పొద్దున పరవాలి. ఆమె ఉప్పు చల్లి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళింది. కుండ ముందు నేనొక్కణ్ణే ఉన్నాను. ఇవీ పాడైతే? ఆ భయానికి ఇంకో రెండు గుప్పిళ్ళు వేశాను. ఎవరికీ చెప్పలేదు.

పొద్దున ఒకదానికొకటి తగలకుండా పరిచాం. రోజంతా ఎర్రిస్వామి తువ్వాలు తలకు చుట్టుకుని సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నాను. పెళ్ళికి ముందు ఫొటోలు తీయించుకునే జంట ఒకటి వచ్చింది. వాళ్ళ కెమెరా అబ్బాయి, "అంకుల్, ఫ్రేములో చేపలు పడుతున్నాయి, కొంచెం జరుపుతారా?" అన్నాడు.

"నేను జరపను బాబూ. కావాలంటే మీరే సముద్రాన్ని జరుపుకోండి" అన్నాను. పెళ్ళికూతురు ఫక్కున నవ్వింది. కాసేపు చేపలతోనే ఫొటో తీయించుకుంది.

కాకులు మాత్రం వినలేదు. చేతులు ఊపి ఊపి అలిసిపోయి, చివరికి పద్యం ఎత్తుకున్నాను, కాలువ గట్టు మీద నేర్చిన గొంతుతో. లేచిపోయాయి. పోలమ్మ దూరం నుంచి పరుగెత్తుకొచ్చింది.

"ఏటైనాది? ఏటా అరుపు?"

"పద్యమమ్మా."

"కాకులకి అర్థమైనాదిలే. ఎల్లిపోనాయి."

ఆ ఒడ్డున పద్యం చదివిన మహానుభావుల పక్కన నాకు చోటు లేదని తెలుసు. అయినా ఆ ఎండలో, ఆ వాసనలో, అల పడినప్పుడు గొంతు పెంచుతూ, పోయినప్పుడు దించుతూ మధ్యాహ్నమంతా చదివాను. మా మేష్టరు ఈ ఊరి పేరు ఎత్తినప్పుడల్లా కిటికీ వైపు ఎందుకు తిరిగేవాడో అక్కడ కూర్చున్నాక తెలిసింది. పిల్లలకు మొహం కనబడకూడదని.

గజపతినగరం దారి

సొరలు ఎండాక పోలమ్మతో పాటు నేనూ బయల్దేరాను. ఆమె రమ్మనలేదు, వద్దనలేదు. విజయనగరంలో బస్సు మారాం. గంప నా ఒళ్ళో పెట్టుకున్నాను. పక్క సీటతను లేచి వెళ్ళి నిలబడ్డాడు. కండక్టరు టికెట్టు కొడుతూ, "దీనికి సీటు దొరికింది, మనిసికి దొరకనేదు" అన్నాడు. దారికి ఇరువైపులా జీడిమామిడి తోటలు, పళ్ళ వాసన. కిటికీ తెరిస్తే అది, మూస్తే మా గంప.

కూతురి ఇల్లు రోడ్డుకు కొంచెం లోపల. రేకుల ఇల్లు, ముందు తడికల పందిరి. గది వాకిలికి చీర కట్టి ఉంది. లోపల పసివాడు ఏడుస్తున్నాడు, ఆగి ఆగి. వియ్యపురాలు గంప మీది గుడ్డ తీసి, ఒక ముక్క చివర తుంచి నాలుక మీద పెట్టుకుంది. మొహం ముడిచింది.

"ఇదేటి వొదినా, ఉప్పుగల్లా? పచ్చి బాలింతకి ఇది పెడితే ఏటైపోవాల?"

పోలమ్మ తెల్లబోయింది. తనూ తుంచి చూసింది. "నాను సరిగ్గానే ఏసినాను" అంది. చేప గురించి ఆమెను ఎవరూ అలా అని ఉండరు.

నేను చెప్పకపోతే ఆ మాట ఆమె మీద ఉండిపోయేది.

"ఆమె కాదమ్మా. ఉప్పు నేనేసిన. ఆమె వేసినంక మళ్ళ రెండు గుప్పిళ్ళు ఏసిన. అడగకుండా ఏసిన."

ఇద్దరూ నన్ను చూశారు. "ఈయనెవులు?" అంది వియ్యపురాలు.

పోలమ్మ నెత్తి కొట్టుకుంది. "బల్లారి నుంచొచ్చినాడు. ఈ బాబుకి ఊరికే కూకోడం రాదమ్మా. ఏదో ఒకటి సేసీయాల." అంటూనే నవ్వు ఆపుకోలేకపోయింది. అలల్లో చేపలు పారబోసినప్పటి నుంచి ఆమె నవ్వడం చూడలేదు నేను.

"ఇప్పుడేం చేయమంటారు?" అని అడిగాను. "చెప్పండి, అదే చేస్తాను."

"నీల్లలో నానబెట్టి కడగాల. ఉప్పు పోయేదాకా" అంది వియ్యపురాలు.

బోరింగు కొట్టి బిందెలతో నీళ్ళు తెచ్చాను. పందిరి కింద పీట వేసుకుని, వెడల్పాటి గిన్నెలో సొర ముక్కలు నానబెట్టి, పిండి, నీళ్ళు పారబోసి మళ్ళీ పట్టాను. ప్రతిసారీ వియ్యపురాలు తుంచి నోట్లో వేసుకుని తల అడ్డంగా ఊపేది. ప్రతిసారీ మళ్ళీ కడిగాను. ఉప్పుకు వేళ్ళు పగుళ్ళు దేలాయి. ఎండ పందిరి దిగి నా మోకాళ్ళ మీదికి వచ్చాక ఆమె నమిలి మింగి, "ఇంక సాలు" అంది.

పోలమ్మ ముక్కలు ఉడికించి, తోలు తీసి, చిదిమి, వెల్లుల్లీ శొంఠీ వేసి మూకుట్లో వేపింది. పళ్ళెం చీర వెనక్కి వెళ్ళింది. నేను బయటే, గిన్నె కడుగుతూ ఉండిపోయాను. పసివాడు ఏడుస్తూనే ఉన్నాడు. గిన్నె ఎప్పుడో శుభ్రమైంది, అయినా కడుగుతున్నాను.

"అమ్మా" అంది చీర వెనక నుంచి, నేనెప్పుడూ చూడని ఆ పిల్ల. "ఇంకొంచెం ఎయ్యే."